చెట్టు మీద ఇరవై రెండు

శుక్రవారం, ఏప్రిల్ పంతొమ్మిది. ఉదయం ఏడూ నలభై.

హెప్సిబా కోల్ నిన్న పొద్దుటి నుంచి నోరు విప్పలేదు.

ఆమెను పెట్టింది జైలులో కాదు. హికరీ బెండ్ ఊరు పుట్టి పద్నాలుగు నెలలే అయింది; జైలు ఇంకా కట్టలేదు. దుకాణం వెనక ఉప్పు బస్తాలు వేసే కొట్టులో, ఓ బస్తా మీద వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. వయసు ముప్పై నాలుగు. జాకెట్టు కుడిచేతి అంచుకు నెత్తురు ఎండి నల్లబడింది. తెచ్చిపెట్టిన మొక్కజొన్న రొట్టె అలాగే ఉంది.

గిడియన్ పెల్ తలుపు మూసి, ఎదురు బస్తా మీద కూర్చుని, వంగని ఎడమ మోకాలిని చేత్తో పట్టి చాపుకున్నాడు. పద్దెనిమిదేళ్లు ఈ పడమటి అడవుల్లో సర్వేయరుగా కొలత గొలుసు లాగిన మనిషి. చెట్టు కూలి మీద పడి మోకాలు పోయాక సెయింట్ లూయీలోని సర్వే కార్యాలయం అతన్ని తనిఖీ అధికారిని చేసింది. కొత్తగా పెట్టే భూముల ఆఫీసుల్లో ఎక్కడ కాగితానికీ నేలకూ పొంతన కుదరకపోతే అక్కడికి గిడియన్ వెళతాడు. ఈసారి మాత్రం పై అధికారులు పంపగా రాలేదు. పాత స్నేహితుడు పిలిస్తే వచ్చాడు. నిన్న మధ్యాహ్నం పడవ దిగేసరికి ఆ స్నేహితుడు, ఇక్కడి రిజిస్ట్రార్ ఎలైహూ స్ప్రేగ్, వడ్రంగి పాకలో దుప్పటి కింద ఉన్నాడు.

“హత్య గురించి అడగను” అన్నాడు గిడియన్. “ఓ చెట్టు గురించి అడుగుతాను.”

ఆమె కళ్లెత్తింది.

“మీ గడప ముందు ఓక్ చెట్టు ఉందట కదా?”

“ఉండేది.” ఇరవై నాలుగు గంటల్లో ఆమె అన్న మొదటి మాట అదే. గొంతు జీరపోయింది. “ఎవరు మీరు? ఆ షెరీఫ్ పంపాడా?”

గిడియన్ కోటు లోపలి నుంచి మడత కాగితం తీసి ఇచ్చాడు. పడవ సరంగు చేతికిచ్చి స్ప్రేగ్ పంపిన నాలుగు ముక్కలు. “పద్నాలుగో టౌన్‌షిప్ పటంలో వాగు పారే చోట నాకు అనుమానంగా ఉంది. కోల్ విధవరాలి చెట్టు ఒకసారి చూడాలి. నా చూపు మందగించింది. నీ కన్ను కావాలి, రా.”

ఆమె వేలితో పట్టి పట్టి చదివింది. చదివాక కాగితాన్ని వెంటనే తిరిగివ్వలేదు.

“ఇది ఆయన రాతే” అంది. “తేదీలో చూడండి, ఏడు అంకెకు నడుమ గీత పెడతాడు.”

“చెట్టుకేమైంది?”

“పది రోజుల కిందట పొలంలోంచి వచ్చేసరికి మొదట్లో చెక్క జానెడు లోతున లేపేశారు, గొడ్డలితో. కట్టెలకైతే కొమ్మలు కొట్టుకుంటారు. సరిగ్గా అంకె ఉన్నచోటే ఎందుకు కొడతారండీ?”

“ఏ అంకె?”

“ఇరవై రెండు. సర్కారు సర్వేయరు ఇనప ఉలితో చెక్కింది. మూడేళ్లు రోజూ పొద్దున్నే లేచి చూసిన అంకె. మా ఆయన జ్వరంలో చల్లగాలి కావాలంటే మంచం ఆ చెట్టు కిందే వేశాను. అక్కడే పోయాడు.” ఆమె కాగితం మడిచింది. “నేను మర్చిపోతానా?”

“పటంలో ఎంతుంది?”

“ఇరవై మూడు.”

ఆ ఒక్క అంకె తేడా ఏం చేస్తుందో గిడియన్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. సర్కారు నేలను మైలు చదరాలుగా కొలిచి, ముప్పై ఆరు చదరాలు ఒక టౌన్‌షిప్‌గా కట్టి, ప్రతి చదరానికీ ఓ అంకె ఇస్తుంది. వేలంలో వాగు పేరు పలకరు, మనిషి పేరు పలకరు. అంకె పలుకుతారు. డబ్బు ఏ అంకెకు కట్టావో నేల అదే. అమ్మకం మొదలుకాకముందే వచ్చి గుడిసె వేసి, చెట్లు కొట్టి, దున్నుకున్న నలభై కుటుంబాలు సోమవారం తమ తమ అంకెలు పాడుకోవడానికి ఊళ్లోకి దిగి ఉన్నాయి. పటంలో వాగు మైలు తూర్పుకు జరిగి ఉంటే, వాళ్లు కొనేది బురదనేల. వాళ్ల ఇళ్లున్న చదరాలు అడిగే నాథుడు లేక మిగిలిపోతాయి. వాటిని కొనడానికి హోటల్లో ముగ్గురు భూముల వ్యాపారులు వారం రోజులుగా కూర్చున్నారు.

“ఎప్పుడు తెలిసింది మీకు?”

“బుధవారం మూడింటికి. పటం జనానికి చూపించడం ఆరోజే మొదలు. నేను సెటిలర్ల సంఘం పుస్తకం రాస్తాను కదా, ఎవరి నేల ఎక్కడో అన్నీ నాకు కంఠతా వచ్చు. చూడగానే తేడా తెలిసింది. స్ప్రేగ్ అయ్యగారి చెవిలో చెప్పాను. ఆయనకు అప్పటికే ఏదో అనుమానముందట; పెట్టెలోంచి సర్వేయరు నేల కొలుస్తూ రాసిన కొలతల పుస్తకం తీసి చూశాడు. మొహం పాలిపోయింది. రేపు పొద్దున ఏడింటికి మీ పుస్తకం పట్టుకురా, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం, అప్పటిదాకా ఎవరికీ చెప్పనని మాటివ్వు అన్నాడు. ఇచ్చాను.”

“అందుకా షెరీఫ్‌కు కూడా చెప్పలేదు?”

“ఊళ్లో ఎన్ని తుపాకులున్నాయో లెక్కపెట్టారా మీరు? ఈ మాట బైటికొస్తే మావాళ్లు ఆఫీసుకు నిప్పెట్టేవాళ్లే. అప్పుడు పటం, పుస్తకం, మా నేల, అంతా బూడిదే.” ఆమె చెయ్యి నెత్తురంటిన అంచు మీదికి పోయింది. “ఏడింటికి వెళ్లాను. తలుపు వారగా ఉంది. బల్ల వెనక పడున్నాడు. చెంప మీద చెయ్యేస్తే చల్లగా ఉంది. తల కింద చెయ్యి పెట్టి లేపబోయాను. మనిషి మొత్తం చెక్కలా లేచాడండీ. కాళ్లూ చేతులూ ఏవీ వంగలేదు.”

గిడియన్ స్ప్రేగ్‌తో ఒకే గుడారంలో తొమ్మిది చలికాలాలు గడిపాడు.

“సంఘం పుస్తకం ఎక్కడుంది?”

“మీ షెరీఫ్‌నే అడగండి. సాయం కోసం పరుగెత్తితే రేవు దగ్గర నన్ను పట్టుకుని చేతిలోంచి లాక్కున్నాడు.”

*

భూముల ఆఫీసు కట్టి మూడు వారాలే. పైన్ పలకల వాసన ఇంకా పోలేదు. రెండు గదులు, మధ్యలో పలకల అడ్డం. కుడివైపు రిజిస్ట్రార్‌ది, పటాలూ పుస్తకాలూ. ఎడమవైపు కోశాధికారిది, ఇనప పెట్టె. ఇద్దరి సంతకాలూ ఉంటేనే ఏ అమ్మకమైనా చెల్లుతుంది. బీరువాలో అమ్మకాల పుస్తకాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి, ఒక్క పేజీ కూడా నిండకుండా.

షెరీఫ్ హైరమ్ బోడ్‌మన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఎత్తైన మనిషి, ముప్పై ఎనిమిదేళ్లు. నిన్నమొన్నటిదాకా రేవులో బల్లకట్టు నడిపేవాడు.

“ఏమంటోంది మహాతల్లి? సెయింట్ లూయీ నుంచి పెద్దమనుషులు దిగితే కానీ నోరు పెగల్లేదా?”

“లోపలికి రానివ్వండి షెరీఫ్ గారూ. నిన్న మీరేం చూశారో అలాగే చెప్పండి.”

“చెప్పడానికేముంది? ఏడున్నరకు వచ్చాను. ఇదిగో, ఇక్కడ ముసలాయన. పక్కన ఆ ముద్ర యంత్రం.” సర్కారు ముద్ర వేసే ఇనప యంత్రం, తొమ్మిది సేర్ల బరువు, ఇంకా నేల మీదే ఉంది. దాని అంచున నాలుగు నెరసిన వెంట్రుకలు. “వడ్రంగీ నేనూ మోసుకెళ్లాం. తలుపులో పట్టక నానా యాతనా పడ్డాం, బిగుసుకుపోయి. ఆవిడ స్టవ్‌లో కాగితాలు తగలబెట్టింది. అమ్మకం ఆపాలని సర్కారు కాగితాలు కాల్చింది, ముసలాయన అడ్డమొచ్చాడు, నెత్తిన కొట్టింది. అయిపోయింది. దీనికి తనిఖీ ఎందుకు?”

గిడియన్ స్టవ్ తలుపు తీశాడు. బూడిద పొరలు పొరలుగా ఉంది, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. పుల్లతో కదిపితే కిందినుంచి ముడుచుకుపోయిన తోలు ముక్క వచ్చింది.

“ఇంకేమైనా దొరికిందా ఇందులో?”

బోడ్‌మన్ జేబులోంచి ఇత్తడి కొక్కెం ఒకటి తీసి బల్ల మీద పడేశాడు. “ఇది.”

“ఎలా తీశారు? పట్టకారుతోనా?”

“పట్టకారెందుకు? వచ్చీరాగానే చేత్తోనే కెలికి తీశాను. చూడండి, గోళ్లలో బూడిద ఇంకా పోలేదు.”

గిడియన్ కొక్కెం తిప్పి చూశాడు. సర్వేయర్ల కొలతల పుస్తకానికి వేసే కొక్కెం. తనూ అలాంటివి నలభై దాకా వాడి ఉంటాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్లాడు. పద్నాలుగో టౌన్‌షిప్ పటం నాలుగు మేకుల మీద ఉంది. వాగు వంపు ఇరవై మూడులో. గీతలు చక్కగా ఉన్నాయి, చాలా చక్కగా. పటం అంచు కొంచెం ఎత్తి వెనక చూశాడు.

“షెరీఫ్ గారూ, ఈ పటం ఎన్ని మేకుల మీద ఉంది?”

“నాలుగు.”

“గోడకు ఎన్ని బెజ్జాలున్నాయి?”

బోడ్‌మన్ వంగి చూశాడు. పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టాడు. “ఎనిమిది.”

“మూడు వారాల గోడ. ఇంకో పటం, దీనికంటే చిన్నది, ఇక్కడ ఉండేది. తీసేసి ఇది కొట్టారు. అమ్మకం ఆపాలనుకున్న మనిషైతే కాల్చాల్సింది ఈ పటాన్ని. ఇది లేకపోతే సోమవారం వేలం లేదు. దీన్ని ముట్టుకోకుండా, వేలానికి అక్కర్లేని కొలతల పుస్తకాన్ని కాల్చారు. ఎందుకు? పటం సరైందో కాదో తేల్చేది ఊళ్లో ఆ పుస్తకం ఒక్కటే కాబట్టి. ఇంకో నకలు సెయింట్ లూయీలో ఉంది. తెప్పించాలంటే పది రోజులు.”

“అబ్బో! మేకులూ బెజ్జాలూ!” బోడ్‌మన్ గొంతు లేచింది. “మీ సంగతి నాకు తెలుసులెండి. వంక దొరికితే చాలు, వేలం వాయిదా. ఆ కాగితం మీ జేబులోనే ఉందటగా?”

“ఉంది. రిజిస్ట్రార్ కుర్చీ ఖాళీగా ఉన్నంతకాలం అమ్మకం జరపడానికైనా, ఆపడానికైనా ఏ తనిఖీ అధికారికైనా అధికారముంది.”

“అయితే జరిపించండి! మూడేళ్లు, పెల్ గారూ. మూడేళ్లు ఎదురుచూశాం ఈ ఆఫీసు కోసం. దుకాణాల దగ్గర, బంధువుల దగ్గర, ఎక్కడపడితే అక్కడ అప్పు చేసి వచ్చారు జనం. ఇంకోసారి రమ్మంటే ఎక్కడినుంచి తెస్తారు? నాకూ ఉంది అక్కడ నూట అరవై ఎకరాలు. నా ఇద్దరు పిల్లల్ని పూడ్చింది ఆ నేల్లోనే. తెలుసా మీకు?”

“తెలియదు” అన్నాడు గిడియన్. “ఏ అంకె?”

“ఇరవై ఆరు.”

“చెట్టు మీద చూశారా, పటంలో చూశారా?”

“పటంలోనే. కోశాధికారి కల్నల్ ఫార్ గారే దగ్గరుండి వేలు పెట్టి చూపించారు. నాకు చదువు అంతంతమాత్రం.”

గిడియన్ ఏదో అనబోయి ఆగాడు. అడ్డం పలకల అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

*

కోశాధికారి కల్నల్ లూషియస్ ఫార్ ఎనిమిదీ యాభైకి ఈ గదిలోకి వచ్చాడు. నల్లకోటు, చేతికి సంతాపం గుడ్డ. కూర్చోమంటే కూర్చోలేదు.

“నా మనసు ఇంకా కుదుటపడలేదు పెల్ గారూ. అడగండి.”

“నిన్న ఎన్నింటికి వచ్చారు మీ గదికి?”

“ఏడుకు పది నిమిషాలు తక్కువ. వాచీ చూసుకున్నాను. ఏడు కొట్టాక ఆడమనిషి గొంతు వినిపించింది, అరుపులు. స్ప్రేగ్ గారు ‘వద్దమ్మా, వద్దు’ అన్నారు. తర్వాత ధబ్బుమని చప్పుడు.”

“వెంటనే వచ్చారా?”

“అబద్ధమెందుకు, భయపడ్డాను. పది నిమిషాలాగి తలుపు తీశాను. ఆ మనిషి అప్పటికే రేవు వైపు పరుగెడుతోంది.”

“స్టవ్?”

“మండుతోంది. భగభగా. ఆ సెగ నా మొహానికి కొట్టింది. ఏం కాలుతోందో చూద్దామని తలుపు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది.”

“ఏడుంపావుకు?”

“ఏడుంపావుకు.”

“సంఘం పుస్తకం మీ దగ్గర ఉందా?”

ఫార్ బోడ్‌మన్ వైపు చూసి చిన్నగా నవ్వాడు. “షెరీఫ్ గారే భద్రం చేయమని ఇచ్చారు. ఇనప పెట్టెలో ఉంది. కావాలంటే సాయంత్రం ఇప్పిస్తాను. ఇప్పుడు రేవు దగ్గర చిన్న పనుంది, పడవ వచ్చే వేళయింది.” గుమ్మం దగ్గర ఆగాడు. “తొందరగా తేల్చండి. అవతల జనం ఆ ఆడమనిషిని ఏం చేస్తారో అని నా భయం.”

అతని బూట్ల చప్పుడు మెట్లు దిగేదాకా గిడియన్ కదల్లేదు. ఆ తర్వాత మూలనున్న చితుకులు తెచ్చి స్టవ్‌లో పేర్చి నిప్పు పెట్టాడు.

“ఏం చేస్తున్నారు?” అన్నాడు బోడ్‌మన్.

“పావుగంట మండనిద్దాం.”

పావుగంట మండింది. గిడియన్ గాలి మూత బిగించి నిప్పు ఆర్పేశాడు. వాచీ బల్ల మీద పెట్టి ఇంకో పావుగంట కూర్చున్నాడు. బోడ్‌మన్ విసుక్కుంటూ గదిలో తిరిగాడు, రెండుసార్లు ఉమ్మేశాడు, ఓసారి వెళ్లిపోతానన్నాడు. వెళ్లలేదు.

తొమ్మిదీ ముప్పై రెండు. “ఇప్పుడు చెయ్యి పెట్టి బూడిద కెలకండి” అన్నాడు గిడియన్.

బోడ్‌మన్ మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చెయ్యి పోనిచ్చాడు. కెవ్వుమని వెనక్కి లాక్కున్నాడు. వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. అలాగే, నోట్లో వేళ్లతోనే, ఆగిపోయాడు.

“చితుకులు ఆరిపోయి పావుగంటైంది” గిడియన్ మెల్లగా అన్నాడు. “నిన్న తోలు అట్టల పుస్తకం కాలింది. ఏడుంపావుకు భగభగా మండుతుంటే, ఏడున్నరకు మీరు వట్టి చేత్తో ఎలా కెలికారు?”

బోడ్‌మన్ తన గోళ్లలోని బూడిద వంక చూసుకున్నాడు.

“అది ముందురోజు సాయంత్రం కాలింది. మనిషి పోయిందీ అప్పుడే. తలుపులో పట్టనంతగా బిగుసుకున్నాడని మీరే చెప్పారు. ఏడింటికి చనిపోయినవాడు ఏడున్నరకు అలా బిగుసుకుపోడు. నిన్న పొద్దున ఫార్ విన్న అరుపులూ లేవు, సెగా లేదు.”

“నన్ను వెధవను చేస్తున్నారు” అన్నాడు బోడ్‌మన్.

“మిమ్మల్ని వెధవను చేసింది నేను కాదు. ఇలా రండి.” గిడియన్ అతన్ని పటం దగ్గరికి తీసుకెళ్లాడు. “కోల్ గారి చెట్టు మీద ఇరవై రెండు. పటంలో ఇరవై మూడు. వాగుతోపాటు అందరి నేలలూ మైలు తూర్పుకు జరిగాయి. ఆ ఇరవై రెండుకు సరిగ్గా కిందున్న చదరం మీది. ఆ కింది వరసలో అంకెలు తూర్పు నుంచి పడమటికి పెరుగుతాయి, అసలు అంకె ఇరవై ఏడు. సోమవారం మీరు ఇరవై ఆరుకు డబ్బు కడితే మీకొచ్చేది బురద. మీ పిల్లలున్న నేల హోటల్లో కూర్చున్న వ్యాపారులకు, వాళ్ల వెనకున్న ఫార్‌కు పోతుంది.”

బోడ్‌మన్ కాలిన వేలు ఇరవై ఏడు మీద పెట్టాడు, తీశాడు.

“అతనే చూపించాడు” అన్నాడు చివరికి. “భుజం మీద చెయ్యేసి, ఇదిగో హైరమ్, ఇదే నీది అన్నాడు. సంఘం పుస్తకం నేనే తీసుకెళ్లి ఆ చేతుల్లో పెట్టాను.” టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. “ఇప్పుడేం మిగిలింది మన దగ్గర? చెట్టు చెక్కేశారు, పుస్తకం కాల్చేశారు.”

“నేల మిగిలింది. ప్రతి మూలలో గుంజ పాతే ముందు సర్వేయరు కింద నాలుగు గుప్పెళ్ల బొగ్గు పోస్తాడు. గుంజ పుచ్చిపోయినా, ఎవరైనా పీకేసినా బొగ్గు అక్కడే ఉంటుంది. అక్కడినుంచి కొలుచుకుంటే ఏ చదరం ఏదో ఎవరూ కాదనలేరు. ఈలోగా వేలం ఓ నెల వాయిదా అని మధ్యాహ్నం నేనే జనానికి చెబుతాను. తిట్టనివ్వండి. మీరు పక్కన నిలబడితే చాలు.”

“నిలబడతాను” అన్నాడు బోడ్‌మన్.

*

పదీ ఇరవైకి గుమ్మంలో ఎవరో దగ్గారు. సన్నగా, పొడుగ్గా, ఇరవై ఏడెనిమిదేళ్ల మనిషి. పడవ ప్రయాణంతో మొహం పసుపు తిరిగింది. చేతిలో తోలు సంచీ.

“లెవై హాస్కెల్ అంటారండి నన్ను. వాషింగ్టన్ నుంచి వస్తున్నాను. ఇక్కడికి కొత్త రిజిస్ట్రార్‌ని.” టోపీ తీసి గుండె దగ్గర పెట్టుకున్నాడు. “స్ప్రేగ్ గారి గురించి విని చాలా బాధపడ్డాను. సమాధి ఎక్కడో చెబితే ముందు అక్కడికి వెళ్లొస్తాను. మా అమ్మ పూలవిత్తనాలు ఇచ్చి పంపింది, చల్లమని.”

“సమాధా?” అన్నాడు బోడ్‌మన్. “పెట్టె ఇంకా చెక్కుతున్నారు.”

హాస్కెల్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. “క్షమించండి. ఇన్నాళ్లదాకానా?”

గిడియన్ నెమ్మదిగా లేచాడు. “హాస్కెల్ గారూ, వాషింగ్టన్‌లో ఎప్పుడు బయలుదేరారు?”

“మార్చి ఇరవై తొమ్మిదిన. సరిగ్గా మూడు వారాలు.”

“మీ నియామకం కాగితం ఒకసారి చూడొచ్చా?”

కాగితం దళసరిగా ఉంది, ముద్ర సరిగ్గా ఉంది. గిడియన్ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత ఆ రెండో వాక్యాన్ని పైకి, ఒక్కొక్క ముక్కా విడివిడిగా, షెరీఫ్‌కు వినబడేలా చదివాడు.

“మార్చి ఆరో తేదీన విషజ్వరంతో మరణించిన ఎలైహూ స్ప్రేగ్ స్థానంలో.”

బోడ్‌మన్ పక్కకు వచ్చి కాగితంలోకి తొంగిచూశాడు.

“మార్చి ఆరా?” బోడ్‌మన్ గొంతు పిల్లవాడి గొంతులా అయింది. “మొన్న బుధవారం మధ్యాహ్నం నాతో మాట్లాడాడయ్యా ఆయన. పళ్లు నొప్పెడుతున్నాయన్నాడు.”

“నాకు తెలియదండి” హాస్కెల్ తడబడ్డాడు. “కోశాధికారి గారు ఉత్తరం రాశారట. జ్వరమొచ్చి రెండు రోజుల్లో పోయారనీ, వేలం ముంచుకొస్తోంది కాబట్టి వెంటనే మనిషిని పంపమనీ.”

గిడియన్ కాగితం బల్ల మీద పెట్టాడు. ఆరు వారాలు. ఆరు వారాలు ఎలైహూ ఈ ఊళ్లో కూర్చుని రాజధానికి ఉత్తరాలు రాశాడు, పటం పంపండి, సిరా పంపండి, జవాబివ్వండి అని. టపా సంచీ కట్టేది ఫార్. సరంగు చేతికిచ్చిన ఆ ఒక్క చీటీ తప్ప ఏదీ గడప దాటి ఉండదు. ఆయన తింటూ, నిద్రపోతూ, పంటినొప్పితో బాధపడుతూ ఉండగానే సర్కారు దృష్టిలో చనిపోయాడు. ఇక్కడ ఆ పని పూర్తి చేయడమే మిగిలింది. హెప్సిబా అంకె కనిపెట్టడం వల్ల చంపారనుకున్నాడు తను. కాదు. ఆమె ఆ గుమ్మం తొక్కకపోయినా, ఈ పడవ వచ్చేలోగా ఆయన పోవలసిందే.

“హాస్కెల్ గారూ, నా మాట జాగ్రత్తగా వినండి. మీరు పదవీ ప్రమాణం చేయకండి. ఇవాళ వద్దు, రేపూ వద్దు. కుర్చీ ఖాళీగా ఉంటేనే నేను ఈ వేలం ఆపగలను.”

హాస్కెల్ మొహంలో మిగిలిన ఆ కాస్త రంగూ పోయింది.

“చేసేశానండి.”

“ఎక్కడ?”

“రేవులోనే, పడవ దిగగానే. గంట దాటింది. కల్నల్ గారు నా కోసం ఎదురొచ్చారు. న్యాయాధికారిని కూడా వెంటబెట్టుకొచ్చారు. ఎంతో మర్యాదగా పలకరించారు. బైబిల్ కూడా ఆయనదే. పద్నాలుగో టౌన్‌షిప్ పటం నకలు మీద సరిచూశానని సంతకం కూడా పెట్టమన్నారు. అసలుది ఆఫీసులో ఉంది, అదీ ఇదీ ఒకటే అన్నారు. పెట్టాను.”

దొంగ పటానికి ఇప్పుడు ప్రాణమున్న రిజిస్ట్రార్ సంతకం ఉంది. వేలం చట్టబద్ధం. గిడియన్ జేబులోని కాగితానికి విలువ గంట కిందటే పోయింది. సోమవారం ఉదయం తొమ్మిదికి ఇంకా డెబ్బై గంటలే ఉన్నాయి.

“ఫార్ ఎక్కడున్నాడు ఇప్పుడు?”

“గుర్రమెక్కి పడమటికి వెళ్లారు. ఏదో మూల గుర్తు సరిచూడాలన్నారు. ఇద్దరు మనుషులు వెంట వెళ్లారు. వాళ్ల జీనులకు పారలు కట్టి ఉన్నాయి, తుపాకులు కూడా.”

బోడ్‌మన్ అప్పటికే తాళంచెవి తీసుకుని గుమ్మం దాటాడు. గిడియన్ వంగని కాలు ఈడ్చుకుంటూ అతని వెనకే వెళ్లాడు. కొట్టు తలుపు తీసేసరికి హెప్సిబా లేచి నిలబడింది, కొట్టడానికి వచ్చారేమో అన్నట్టు చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని. షెరీఫ్ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

“తప్పయిపోయిందమ్మా” అన్నాడు. “ఫార్ మీ ఇంటి దగ్గరి మూలలో సర్వేయరు పోసిన బొగ్గు తవ్వి పారేయడానికి పోయాడు. గంట దాటింది.”

ఆమె చేతులు దించింది. ఏడవలేదు, తిట్టలేదు. “ఏ దారిన?”

“బండిదారిన.”

“బండిదారిన పోతే వాగు దాటాలి, అది పొంగి ఉంది. వాళ్లకు ఇంకా రెండు గంటలు పడుతుంది. గట్టు మీదుగా జింకలు నడిచే దారి ఒకటుంది. గుర్రాన్ని నడిపించుకుంటూ పోతే గంటన్నర.” గిడియన్ మోకాలి వంక చూసింది. “మీరు రాగలరా?”

“రాకపోతే అది అసలు మూల అని చెప్పేదెవరు?”

“గుర్రాలు ఎన్ని కావాలి?” అన్నాడు బోడ్‌మన్, పిస్తోలు మందు చూసుకుంటూ.

“మూడు” అన్నాడు గిడియన్.

వెనకనుంచి హాస్కెల్ వచ్చాడు. సంచీ ఎక్కడో వదిలేశాడు. “నాలుగు” అన్నాడు. “ఆ సంతకం నాది. తప్పని తేలితే కొట్టేయాల్సిందీ నేనే.”